రిజిస్టర్‌లో ఒక్క వరుస

సమీక్షకులెవరూ ముట్టుకోని పుస్తకం ఒకటి మన ప్రతి ఊరికీ ఉండాలి. దాని పేరు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్. ఆఫీసు వాడుకలో పీబీఆర్. పల్లెలో పంచాయతీ అయినా, సిద్దిపేట లాంటి పట్టణంలో మున్సిపాలిటీ అయినా ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేసుకోవాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెప్పింది. ఆ కమిటీ ఊరివాళ్లను అడిగి ఈ రిజిస్టర్ రాయాలని 2004 నాటి నియమాలు చెప్పాయి. చైర్మన్ కాక ఆరుగురికి మించకుండా సభ్యులు, మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలని ఆ నియమాల్లో ఉండేది. ఊళ్లో ఏ చెట్లున్నాయి, చెరువులో ఏ చేపలున్నాయి, ఏ పిట్ట ఏ కాలంలో వస్తుంది, ఏ పాత విత్తనం ఎవరింట్లో మిగిలింది, ఏ ఆకు దేనికి వాడతారు, అన్నీ అందులోకి ఎక్కాలి. ఇలాంటి పుస్తకం ప్రజల నోటి నుంచే రావాలన్న ఆలోచనకు 1990ల్లో రూపమిచ్చినవాళ్లలో పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ ముఖ్యుడు.

పైకి చూస్తే ఇదంతా గడులు, అంకెలు, సంతకాలు. చదివించే గుణం ఏమీ ఉన్నట్టు అనిపించదు. కానీ బాగా రాసిన ఒక్క వరుసను తీసుకుని ఎడమ నుంచి కుడికి నింపాదిగా చదివితే, సిద్దిపేట గొల్లభామ చీరలో బొమ్మ పోగు పోగుకూ లెక్క తప్పకుండా తేలినట్టు ఒక పనితనం తేలి కనబడుతుంది. ఒక్కో గడి వెనక ఒక్కో జాగ్రత్త ఉంది. ఆ జాగ్రత్తలన్నీ ఒక్క పని కోసమే. ఈ ఊరి మొహం ఎన్నడూ చూడని మనిషి కూడా ఆ వరుస పట్టుకుని అదే చోటికి వచ్చి, రాసింది నిజమో కాదో తానే తేల్చుకోగలగాలి. ఆ కొలతతోనే గడి తర్వాత గడి చూద్దాం.

పేరు

తంగేడుతో మొదలుపెడదాం. సిద్దిపేట చుట్టూ చెల్కల గట్ల మీద, గుట్టల వాలులో, రోడ్ల పక్కన పసుపు ముద్దలా విరగబూసే పొద. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పాలపిట్ట, జింక, జమ్మి కూడా ఆ ప్రకటనలోవే. రిజిస్టర్‌లో ఒక గడిలో ఊళ్లో పిలిచే పేరు, పక్క గడిలో శాస్త్రీయ నామం. తంగేడుకు ఆ రెండో గడిలో పడేది సెన్నా ఆరిక్యులేటా. వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని పూర్తిగా రాసేటప్పుడు చివర రెండు పొట్టి గుర్తులు తగిలిస్తారు. బ్రాకెట్లో ‘ఎల్’, బ్రాకెట్ బయట ‘రాక్స్‌బ్’.

‘ఎల్’ అంటే లిన్నేయస్. 1753లో ఆయన ఈ మొక్కను కేసియా అనే ప్రజాతిలో పెట్టి ఆరిక్యులేటా అన్నాడు. ‘రాక్స్‌బ్’ అంటే విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్లేదాకా గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి మన మొక్కల మీద పనిచేశాడు. తంగేడును కేసియా నుంచి తీసి సెన్నాలో పెట్టింది ఈయనే. 1815లో ఆయన చనిపోయాడు. ఆ మార్పు ఉన్న ‘ఫ్లోరా ఇండికా’ 1832లో గానీ అచ్చు కాలేదు. మొదట పేరు పెట్టినవాణ్ణి బ్రాకెట్లో, తర్వాత చోటు మార్చినవాణ్ణి బయట నిలపడం వృక్షశాస్త్రం పెట్టుకున్న కట్టుబాటు. ముందటివాడి మాటను తుడిచేయకుండానే సవరించవచ్చు. సవరించినవాడు తన పేరు పెట్టి పూచీ పడాలి. రెండు గుర్తుల్లో ఇంత మర్యాద, ఇంత లెక్క ఇమిడిపోయాయి.

శాస్త్రీయ నామం ఉంది కదా అని ఊళ్లో పిలిచే పేరు గడిని తేలిగ్గా తీసుకుంటే పని చెడుతుంది. చేపల పట్టికకు వెళ్దాం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. దాన్ని కొర్రమట్ట అనేవాళ్లూ ఉన్నారు. రెండు పేర్లూ రాయాలి, లేకపోతే రేపు ఎవరో రెండు చేపలనుకుంటారు. దీనికి తలకిందులైన చిక్కు మార్పు చేపది. చెరువుల్లో మొదటి నుంచీ ఉన్న మార్పు వేరు, బయటి నుంచి తెచ్చి వదిలిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వేరు. రెండోదాని పెంపకంపై దేశంలో నిషేధం ఉంది. అది దొరికిన చిన్న చేపనల్లా మింగుతుంది. రెండింటికీ మీసాలుంటాయి, రెంటికీ సంతలో ఒకే పేరు నడిచిపోతుంది. రిజిస్టర్ రాసేవాడు ‘క్యాట్‌ఫిష్, ఉంది’ అని రాసి వదిలేస్తే ఆ గడి అబద్ధం కాదు, కానీ దానితో పనీ లేదు. చెరువుకు వచ్చిన ముప్పేమిటో, చెరువు పోగొట్టుకున్నదేమిటో ఒకే మాట కింద మూతపడిపోతాయి. ముదిరాజుల పెద్దమనిషిని వల దగ్గరే నిలబెట్టి, పడిన చేపను చేతిలోకి తీసుకుని, ఫొటో తీసి, అప్పుడు రాయాలి.

గునుగు మరో రకం పరీక్ష పెడుతుంది. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన నమూనాలో పంటలకు, పండ్ల చెట్లకు, పశువుల మేతకు, కలుపుకు, చీడలకు, అడవి మొక్కలకు, నీళ్లలో బతికేవాటికి, పట్టణాల్లోని వాటికి వేర్వేరు పట్టికలున్నాయి. జొన్న చేలో మొలిచే గునుగు రైతు లెక్కన కలుపు. భాద్రపదం చివరికి వచ్చేసరికి అదే గునుగు బతుకమ్మ వరుసల్లో తంగేడు పక్కన నిలబడుతుంది. ఒక పట్టికలో పెడితే రెండోది అబద్ధమవుతుందా? కాదు. ఏ పట్టికలో ఉన్నా ‘ఉపయోగం’ గడిలో పండగ కూడా ఎక్కాలి, ఏ నెలలో కోస్తారో ఎక్కాలి, ఎవరు పోయి కోసుకొస్తారో ఎక్కాలి. కలుపుమందు కొట్టిన చేలో గునుగు మొలవదు. పువ్వు కోసం ఎంత దూరం పోవాల్సి వస్తోందో ఏటా ఆడవాళ్లను అడిగి రాసుకుంటే, అది పండగ ముచ్చటగానూ మిగులుతుంది, చేను మారిన లెక్కగానూ మిగులుతుంది.

చోటు

అనుభవం లేని చెయ్యి తప్పు చేసేది ఎక్కువగా ఈ గడిలోనే. పేరు తప్పు రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. చోటు మొక్కుబడిగా రాస్తే పట్టుకునేవాళ్లే ఉండరు.

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న పుట్టింది. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక వైపు పాత మెదక్ నుంచి, హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి వైపు పాత కరీంనగర్ నుంచి, చేర్యాల వైపు పాత వరంగల్ నుంచి వచ్చి కలిశాయి. అంతకు ముందే ఈ నేల మొక్కల మీద మంచి పని జరిగింది. టి. పుల్లయ్య, సి. ప్రభాకర్, బి. రవిప్రసాదరావు కలిసి రాసిన ‘ఫ్లోరా ఆఫ్ మెదక్ డిస్ట్రిక్ట్’ 1998లో అచ్చయింది. ఇవాళ సిద్దిపేట జిల్లాలో కూర్చుని ఒకప్పుడు ఇక్కడ ఏం ఉండేదో తెలుసుకోవాలంటే పశ్చిమ భాగానికి ఆ పుస్తకం తెరవాలి, మిగతా భాగాలకు మరో రెండు పాత జిల్లాల మొక్కల లెక్కలు వెతకాలి. ‘మెదక్ జిల్లా’ అని మాత్రమే రాసి ఉన్న మొక్క జోగిపేట దగ్గరిదో, దుబ్బాక దగ్గరిదో చెప్పలేం. ఊరి పేరు, చెరువు పేరు, గుట్ట పేరు రాసి ఉంటే జిల్లాలు ఎన్నిసార్లు ముక్కలైనా ఆ మొక్క చోటు కదలదు.

హెర్బేరియం షీటు మీద చీటీ రాసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. కోసిన కొమ్మను కాగితాల మధ్య పెట్టి, తడి పోయేదాకా ఒత్తి ఎండబెట్టి, గట్టి అట్ట మీద కుట్టో అతికించో భద్రం చేస్తారు. అట్ట మూలన చిన్న చీటీ. కోసినవాళ్ల పేరు, వాళ్ల వరుస సంఖ్య, తేదీ, ఊరు, ఊరికి ఏ దిక్కున ఎంత దూరం, ఎర్రనేలా నల్లరేగడా, చెరువు శిఖమా చెల్కా. ఎండాక పోయేవి కూడా చీటీలోకి ఎక్కాలి. పువ్వు రంగు, వాసన, చెట్టు ఎత్తు, గిల్లితే పాలు కారాయా లేదా. మొక్క అట్ట మీద ఎలాగూ ఉంటుంది కాబట్టి, అట్ట మీదికి రానివి చీటీలో రాయాలన్న ఇంగితం ఇది. ఇవాళ ఫోన్ అక్షాంశ రేఖాంశాలు తనంతట తానే ఇస్తుంది. అయినా ‘మత్తడి కింద, తడి ఇసుకలో’ అన్న రెండు మాటలు ఫోన్ రాయలేదు.

సిద్దిపేటలో చోటు గడికి మరో బరువుంది. ఈ జిల్లాలో నీళ్ల బొమ్మ కొద్ది ఏళ్లలోనే మారిపోయింది. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీశారు. 2020లో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌లోకి, మర్కూక్ దగ్గర 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్‌లోకి కాళేశ్వరం నీళ్లు వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ ప్రారంభమైంది. దాని కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు మునిగిపోయాయి. ఒకప్పుడు కంది, జొన్న, తంగేడు పొదలు ఉన్న చోట ఇప్పుడు కనుచూపు మేర నీళ్లు. చెల్కల మీద బతికే పిట్టలు, తొండలు, గడ్డిజాతులు ఎటు పోయాయి? నీళ్ల పిట్టలు కొత్తగా ఏవి వచ్చాయి? ముందు రాసినవాళ్లు చోటు సరిగా రాసి ఉంటేనే ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. మునిగిన ఊరికి మళ్లీ వెళ్లి చూసే దారి లేదు. ఆ ఊరి విత్తనం పేర్లు, చెట్ల పేర్లు ఏ వరుసలో మిగిలి ఉంటే అంతే.

సమయం

సిద్దిపేట పట్టణం మధ్యలో కోమటి చెరువు. మినీ ట్యాంక్‌బండ్‌గా మారి సాయంత్రాలు జనంతో నిండిపోయే చోటు. సద్దుల బతుకమ్మ నాడు కట్ట మీద ఇసుకేస్తే రాలదు. ఇలాంటి పట్నపు చెరువు దగ్గర పిట్టల్ని లెక్కపెట్టడం అడవిలో లెక్కపెట్టడం కంటే కష్టమైన విద్య. అడవిలో పిట్టను వెతకాలి. ఇక్కడ పిట్టల మధ్యన తేడా వెతకాలి.

మన చెరువుల మీద తరచూ కనబడేవే తీసుకోండి. నీటికాకుల గుంపు ఒడ్డు రాళ్ల మీద రెక్కలారబెట్టుకుంటూ ఉంటుంది. నామాల కోళ్లు నీళ్ల మధ్య నల్ల చుక్కల్లా తేలుతుంటాయి. నత్తగుల్ల కొంగలు బురదలో నిలబడతాయి. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే సగంలో అది లేచిపోతుంది. అందుకే పనితెలిసినవాడు ముందు పది పిట్టల్ని కచ్చితంగా లెక్కపెడతాడు. ఆ పది కంటికి ఎంత జాగా పట్టాయో గుర్తు పెట్టుకుని, గుంపు మొత్తం మీద అలాంటి ముక్కలెన్ని పడతాయో చూస్తాడు. వెయ్యి దాటితే పదికి బదులు వంద ముక్క. గుంపులో ఒక చోట పిట్టలు దగ్గరగా, ఇంకో చోట పలచగా ఉంటే ముక్క కొలత మార్చుకుంటాడు. బుడుబుంగ సంగతి వేరు. చూస్తుండగానే మునుగుతుంది, ఇంకెక్కడో తేలుతుంది. దానికోసం నీటి అద్దాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు రెండుసార్లు తుడిచి చూసి, ఎక్కువ వచ్చిన లెక్క రాసుకుంటాడు. ఏటా జనవరిలో జరిగే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచీ ఇలాంటి కళ్ల మీదే నడుస్తోంది.

ఇంత కష్టపడి తెచ్చిన లెక్కకు ప్రాణం పోసేది పక్కనున్న చిన్న గడులు. ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎందరున్నారు. ఈ-బర్డ్ అనే వేదికలో పిట్టల జాబితా పంపించేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు. మీరు గుర్తుపట్టగలిగిన పిట్టలన్నీ రాశారా, కొన్నే రాశారా? ఇంత చిన్న ప్రశ్న వెనక ఎంత తెలివి ఉందో ఆలోచించండి. ‘అన్నీ రాశాను’ అని ఒకరు అంటే, వాళ్ల జాబితాలో లేని పిట్ట ఆ పూట వాళ్లకు కనబడలేదని అర్థం. రాయని పిట్ట కూడా సమాచారమే అవుతుంది. అందుకే కొత్తవాళ్లకు మొదట చెప్పే మాట ‘కాకిని రాయండి’ అని. అరుదైన పిట్టను చూసిన ఉత్సాహంలో కాకిని, గోరింకను, పావురాన్ని వదిలేసిన జాబితా ఎంత అందంగా ఉన్నా ఈ పనికి కొరగాదు.

పాలపిట్ట సంగతి బయటపడింది ఈ పద్ధతి వల్లనే. దసరా నాడు కనబడితే శుభమని ఊరు దాటి పొలాల్లోకి పోయి చూసే పిట్ట. కరెంటు తీగల మీద కదలకుండా కూర్చుని, పురుగు కోసం ఒక్కసారిగా నేల మీదికి వాలుతుంది. ఎగిరితే తప్ప రెక్కల నీలం పూర్తిగా కనబడదు. అక్కడక్కడా కనబడుతూనే ఉంది కాబట్టి తగ్గుతోందని ఎవరూ అనుకోలేదు. 2023 ఆగస్టులో 13 సంస్థలు కలిసి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక విడుదల చేశాయి. దాదాపు 30,000 మంది రాసిన 3 కోట్ల పరిశీలనల మీద ఆధారపడి 942 జాతుల పరిస్థితిని అంచనా వేసిన నివేదిక అది. అందులో వాడిన కొలత మనబోటివాళ్లకూ అర్థమయ్యేదే. వంద పూర్తి జాబితాలు తీసుకుంటే అందులో ఎన్నింట్లో పాలపిట్ట ఉంది? 2000కు ముందు ఎన్నింట్లో ఉండేది, ఇప్పుడు ఎన్నింట్లో ఉంది? దీర్ఘకాలపు తీరు తేల్చగలిగినవి 338 జాతులు. వాటిలో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. 30 శాతం, అంతకు మించి తగ్గాయి కాబట్టి ఇవి ఎంత ముప్పులో ఉన్నాయో ప్రపంచ స్థాయిలో మళ్లీ తూచాలని ఆ నివేదిక 14 జాతుల పేర్లు చెప్పింది. అందులో పాలపిట్ట ఒకటి. నెమలి మాత్రం పెరిగినవాటి వైపు ఉంది.

ఈ లెక్కలో గొప్ప ఆవిష్కర్త అంటూ ఎవరూ లేరు. ఏదో ఊళ్లో ఎవరో పావుగంట సేపు నిలబడి, కాకితో సహా కనబడ్డవన్నీ నిజాయితీగా రాశారు. అలాంటి పావుగంటలు లక్షల్లో కలిసి, ఒక్క కంటికి ఎన్నటికీ కనబడని తగ్గుదలను కనబడేలా చేశాయి.

సాక్షి

రాక్స్‌బర్గ్ దగ్గరికి మళ్లీ ఒకసారి వెళ్లాలి. ఆయన దగ్గరున్న స్థానిక చిత్రకారులు మొక్కను ఎదురుగా పెట్టుకుని వేసిన బొమ్మల్లోంచి ఏరిన 300 చిత్రాలు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే మూడు సంపుటాలుగా 1795, 1820 మధ్య లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లూ ఆయన రాసుకున్నాడు. ఆ పేర్లు చెప్పినవాళ్లెవరు? ఆ ఆకు ఈనెలు అంత నిఖార్సుగా గీసిన చేతులెవరివి? పుస్తకానికి కర్తగా ఒక్క పేరే నిలిచింది.

ప్రజా రిజిస్టర్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే గడి ఈ లోటును పూడ్చేదే. తెలిసిన మనిషి ఎవరు, ఏ పని చేస్తారు, ఈ సంగతి ఎవరి నుంచి నేర్చుకున్నారు. సిద్దిపేట జిల్లాలో ఈ గడిని ఎలా నింపవచ్చో చూడండి. తాటిచెట్టు అని మనం ఒక్క మాటతో తేల్చేస్తాం. గౌడన్న మగచెట్టును పోతుతాడు అంటాడు, పండ్లు కాసేదాన్ని పండుతాడు అంటాడు, ఏది ఏ నెలల్లో గీతకు వస్తుందో వేళ్ల మీద చెబుతాడు. చేర్యాల నకాశి కళాకారుల ఇంట్లో అడిగితే ఇంకో రకం వృక్షశాస్త్రం వినబడుతుంది. బొమ్మల పటం కోసం ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూత పెడతారు. మాస్కులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు వాడతారు. బొమ్మలు చెక్కడానికి తేలికైన పొనికి కర్ర కావాలి. పొనికి చెట్టు ఎక్కడ మిగిలిందో, ఎంత దూరం నుంచి కర్ర తెస్తున్నారో ఆ కళాకారుడికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది? చెట్టు వరుసలో ఆయన పేరు ఎక్కితే, చెట్టుకూ కళకూ ఒకే చోట లెక్క దొరుకుతుంది.

చెప్పినవాళ్ల పేరు రాయడానికి న్యాయపరమైన కారణమూ ఉంది. 1995లో అమెరికాలో పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. ‘మా అమ్మమ్మ కాలం నుంచీ పెట్టుకుంటున్నాం’ అంటే పేటెంటు ఆఫీసు వినదు. పాత గ్రంథాలు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం లాంటి రాతపూర్వక సాక్ష్యాలు ముందు పెట్టాక 1997లో ఆ పేటెంటు రద్దయింది. అందరికీ తెలిసిన పసుపుకే రాత కావాల్సి వచ్చింది. ఒక్క కుటుంబానికే తెలిసిన వేరుకు రాత లేకపోతే ఇక చెప్పేదేముంది. అదే సమయంలో ఆ వేరు గుట్టు రిజిస్టర్ ద్వారానే బజారున పడకూడదు. అందుకే సంప్రదాయ వైద్యం లాంటి విషయాలు చెప్పినవాళ్లు గోప్యంగా ఉంచమంటే ఉంచాలి. తెలుసుకోవడం, దాచిపెట్టడం రెండూ ఒకే పుస్తకంలో కుదర్చాల్సిన పని ఇది.

సాక్ష్యానికి రెండో కన్ను కూడా కావాలి. ఐ-నాచురలిస్ట్ అనే వేదికలో ఫొటో, చోటు, తేదీ పెట్టి ఇది ఫలానా సీతాకోకచిలుక అంటే సరిపోదు. కనీసం ఇంకొకరు అదే పేరుకు ఒప్పుకుంటేనే ఆ నమోదు పరిశోధనకు పనికొచ్చే స్థాయికి ఎక్కుతుంది. తేడా పడితే వాదన జరుగుతుంది, ఆ వాదన అక్కడే నిలిచి ఉంటుంది. ఏటా ఏప్రిల్ చివర్లో నగరాలు పోటీపడి తమ జీవజాలాన్ని నమోదు చేసుకునే సిటీ నేచర్ చాలెంజ్ ఈ వేదిక మీదే నడుస్తుంది. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య పోటీగా మొదలై హైదరాబాద్ దాకా వచ్చింది. ఊరి రిజిస్టర్‌కూ ఈ రెండో కన్ను అందుబాటులో ఉంది. ఫారెస్ట్ కాలేజీ, కొండా లక్ష్మణ్ పేరిట ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం రెండూ సిద్దిపేట జిల్లా ములుగులోనే ఉన్నాయి. ఊళ్లో రాసిన పేరును అక్కడి విద్యార్థి ఆకు చూసి సరిచేయడం, ఆ విద్యార్థి పుస్తకంలో నేర్చిన మొక్కను గొర్లకాపరి చేలో చూపించడం, రెండూ పనికొచ్చే రాకపోకలే.

రెండో తేదీ

ఇంత మంచి నమూనా చేతిలో ఉన్నా అన్ని రిజిస్టర్లూ ఇలా రాలేదు. 2020 జనవరి 31లోగా పూర్తిచేయాలని, లేకపోతే ఆ తర్వాత నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలకు గడువు పెట్టింది. అప్పటిదాకా నత్తనడక నడిచిన పని పరుగందుకుంది. దేశంలో రిజిస్టర్ల సంఖ్య రెండున్నర లక్షలు దాటిపోయింది. హడావుడిలో రాసినదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. పక్కపక్క ఊళ్ల జాబితాలు అచ్చం ఒకేలా ఉంటాయి. మొక్కలు అక్షరమాల క్రమంలో వస్తాయి, చేలోనూ చెరువులోనూ కనబడే క్రమంలో రావు. చెప్పినవాళ్ల గడి ఖాళీగా ఉంటుంది. రోడ్డు మధ్యలో నాటిన కోనోకార్పస్, గట్టు మీద దానంతటదే మొలిచిన వేప ఒకే వరుసలో ఏ తేడా లేకుండా నిలబడతాయి. ఎవరు నాటారు, ఎవరూ నాటకుండానే ఏది మొలిచింది అన్నది పట్టణపు పట్టికలో ముందుగా రాయాల్సిన సంగతి.

సరిగ్గా రాసిన జాబితా ఏం సాధిస్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పాత మెదక్ జిల్లాలోనే, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో అమీన్‌పూర్ చెరువు ఉంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట పక్షి ప్రేమికులు ఏళ్ల తరబడి వచ్చి, చూసిన పిట్టలన్నీ రాసి పెట్టారు. 2016లో ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి పట్టణ చెరువు అదే. హోదా వచ్చినంత మాత్రాన చెరువుకు కష్టాలు తీరిపోవు. కానీ కాలుష్యం మీద, కబ్జా మీద ఎవరైనా నిలదీయాలంటే చేతిలో ఉండాల్సిన మొదటి కాగితం ఆ జాబితానే.

ఒక వరుస ఎంత అందంగా రాసినా, ఒకే తేదీ ఉన్నంతకాలం అది పరిచయం మాత్రమే. అదే చోట, అదే కాలంలో, అంతేసేపు చూసి రెండో తేదీ వేసినప్పుడు అది పర్యవేక్షణగా మారుతుంది. సిద్దిపేటకు ఇది ఇప్పుడే కుదిరే పని. మల్లన్నసాగర్‌లోకి నీళ్లు వచ్చి ఇంకా ఎన్నో ఏళ్లు కాలేదు. దాని ఒడ్డున ఏ పిట్టలు స్థిరపడతాయో, ఏవి వచ్చిపోతాయో తేలే దశ ఇది. ఏటా జనవరిలో ఒడ్డున నాలుగు చోట్లు ఖాయం చేసుకుని లెక్కపెడితే చాలు. కోమటి చెరువు దగ్గర బడిపిల్లలు నెలకో ఉదయం, కాకితో సహా అన్నీ రాస్తే చాలు. బతుకమ్మ ముందు గునుగు ఎక్కడ దొరికిందో పొదుపు సంఘాల ఆడవాళ్లు చెబితే రాసుకుంటే చాలు. ఖర్చు పెద్దగా లేదు. కావాల్సింది పట్టు విడవని అలవాటు, పోయిన ఏడాది రాసిన కాగితం ఎక్కడుందో తెలిసి ఉండటం.

ఇకమీదట ఏ ఊరి రిజిస్టర్ చేతికొచ్చినా అందులో ఎన్ని జాతులున్నాయని లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. ఒక వరుస మీద వేలు పెట్టి మూడు ప్రశ్నలు వేయాలి. ఇది చెప్పిందెవరు, ఏ చోట చూశారు, మళ్లీ ఎప్పుడు వెళ్లి చూశారు? మూడింటికీ జవాబున్న వరుసలు పాతికే ఉన్నా, ఆ రిజిస్టర్ తన ఊరికి పనికొచ్చే పుస్తకమే.